ఆ వాత గురించి ఎవరూ అడగలేదు

మొన్న ఆగస్టులో మన క్లబ్ చర్చకి "నేరం చేసినవాడి బాల్యం చూసి శిక్ష తగ్గించొచ్చా?" అనే అంశం పెట్టారు. సెమినార్ హాల్ నిండిపోయింది (సమోసాల మహిమ కూడా కొంత ఉండొచ్చు). సివిల్ సెకండియర్ తమ్ముడొకడు లేచి, "చిన్నప్పుడు తన్నులు తిన్నవాళ్లంతా హంతకులవుతున్నారా అన్నా? మా నాన్న నన్ను బెల్టుతో కొట్టేవాడు. నేనిక్కడ ఇంజనీరింగ్ చదువుకుంటున్నా" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొట్టాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది. అందరి ముందూ లేచి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

2022 కార్తీక మాసం. నేను ఇంటర్ సెకండియర్. మా మామ్మ శివాలయంలో దీపం పెట్టి ఒక్కతే నడిచి వస్తోంది. సందు మలుపులో ఒకడు వెనకనుంచి వచ్చి మెడలో మూడు కాసుల నానుతాడు లాగాడు. తెగలేదు. మళ్లీ లాగాడు. గొలుసుతోపాటు మామ్మ కూడా వెళ్లి సిమెంటు గట్టు మీద పడింది. తుంటి ఎముక విరిగింది. పట్టుకున్నారు, మూడు రోజుల్లోనే. మా వెనక వీధి కుర్రాడే. పంతొమ్మిదేళ్లు. స్కూల్లో నాకు రెండు క్లాసులు సీనియర్. వాడి బౌలింగ్‌లో నేను ఎన్నిసార్లు అవుటయ్యానో లెక్కలేదు.

వాడి కుడి చేతి మీద, మణికట్టు పైన, బెత్తెడు పొడుగు వాత ఉంటుంది. ఆరో ఏట పది రూపాయలు తీశాడని వాళ్ల నాన్న అట్లకాడ ఎర్రగా కాల్చి పెట్టాడు. మా వీధిలో అందరికీ తెలుసు. వాళ్లమ్మ వెళ్లిపోయిన సంగతి తెలుసు. తాగొచ్చిన రాత్రి నాన్న తలుపు గడియ పెట్టేస్తే వాడూ వాళ్లక్కా మా పక్కింటి అరుగు మీద పడుకునేవాళ్లని తెలుసు. "తండ్రి కొడుకుని కొట్టుకుంటే మనకెందుకు" అని పెద్దవాళ్లు అనడం నేను నా చెవులతో విన్నాను. అన్నవాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు.

తీర్పు రోజు, 2024 సంక్రాంతి సెలవులు అయిపోతున్నాయి, నేను నాన్నతో కోర్టుకి వెళ్లాను. దోపిడీ కేసు, ఐపీసీ 392. నేరం రుజువైందని చెప్పాక జడ్జిగారు తలెత్తి, "శిక్ష గురించి ఏమైనా చెప్పుకునేదుందా?" అని అడిగారు. వాడు "తక్కువ వెయ్యండి సార్" అన్నాడు. వాడి లాయరు లేచి, చిన్న వయసు, మొదటి తప్పు, కనికరించండి అన్నాడు. రెండేళ్లు పడింది. మొత్తం వ్యవహారం ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. నాకు సంతోషమేసింది. అబద్ధం ఎందుకు, ఇంకా ఎక్కువ పడితే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చాక మంచం మీదనుంచి మామ్మ మొదట అడిగింది గొలుసు సంగతి. కరిగించేశారు, ముద్ద బంగారమే దొరికింది, కోర్టునుంచి ఇప్పించుకోవాలి అని నాన్న చెప్పాడు. తర్వాత శిక్ష ఎంత పడిందని అడిగింది. చెప్పాం. కాసేపుండి, "వాడి చెయ్యి సంగతి జడ్జిగారికి ఎవరన్నా చెప్పారా?" అంది. నాన్నకి కోపమొచ్చింది. "వాడి చెయ్యితో మనకేం పనే? నీ కాలు సంగతి చూసుకో" అన్నాడు. అప్పుడు నేను నాన్న వైపే.

ఆ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. బీటెక్‌లో ఎలక్టివ్‌గా వచ్చిన లా పేపర్ పుణ్యమా అని కొన్ని తీర్పులు చదివాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, మామ్మ అడిగింది జాలిమాట కాదు. అచ్చంగా చట్టం అడగమన్న ప్రశ్నే.

మనలో చాలామంది రెండు విషయాలు కలిపేస్తున్నాం. నేరం చేశాడా లేదా అన్నది ఒకటి. చేశాక ఎంత శిక్ష అన్నది ఇంకొకటి. మానసిక రోగం మొదటిదాన్నే మార్చేసే సందర్భం ఒకటుంది. 1843లో లండన్‌లో మెక్‌నాటెన్ అనేవాడు ప్రభుత్వం తనని వేధిస్తోందన్న భ్రమలో ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. మతి స్థిమితం లేదని నిర్దోషిగా తేల్చారు. ఆ గొడవలోంచి పుట్టిన సూత్రమే మన ఐపీసీ 84, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 22. తను చేస్తున్నదేంటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో చేస్తే నేరం కాదు. ఇది చాలా ఇరుకు గుమ్మం. డిప్రెషన్ ఉన్నవాడు, చిన్నప్పటి దెబ్బలకి నిద్రలో కూడా ఉలిక్కిపడేవాడు, కోపం అదుపులో లేనివాడు ఇందులోంచి పట్టరు. పట్టకూడదు కూడా. మా వీధి కుర్రాడికి తను చేస్తున్నది దొంగతనమని బాగా తెలుసు.

అయితే ఆ గుమ్మంలో పట్టనివాడి గతం అక్కడితో చెత్తబుట్టలోకి పోవాలా? 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2) పోనక్కర్లేదంది. నేరం రుజువయ్యాక శిక్ష ఎంతో తేల్చడానికి ముద్దాయిని విడిగా వినాలి. మేజిస్ట్రేట్ కోర్టులకీ అలాంటి నిబంధనే ఉంది. కొత్త సంహితలోనూ కొనసాగింది. మేం చూసిన ఆ టీ తాగేంత సేపు అదే.

దీనికి పునాదిగా చెప్పుకునే తీర్పుల్లో ఒకటి మన ఆంధ్రప్రదేశ్ కేసే అని తెలిసి ఆశ్చర్యపోయాను. ఈడిగ అనమ్మ కేసు, 1974. ఇరవై నాలుగేళ్ల పల్లెటూరి మనిషి. తన ప్రియుడితో సంబంధం పెట్టుకున్న ఇంకో ఆవిడని, ఆవిడ పసిబిడ్డనీ చంపింది. ఘోరమైన హత్యలే. కింది కోర్టు ఉరి వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకొచ్చింది. ఆయన హత్యని ఒక్క పిసరు కూడా తేలిక చేయలేదు. దానితోపాటు ఆమె జీవితాన్నీ చూశారు. మామగారు కొట్టి ఇంట్లోంచి గెంటేశాడు, ఒక్కగానొక్క బిడ్డతో పుట్టింటికి చేరింది, చిన్న వయసు, రెండేళ్లకి పైగా ఉరి భయంతో బతికింది. ఉరిని యావజ్జీవంగా మార్చారు. నేరం నుంచి మినహాయించడానికి చాలని మానసిక, సామాజిక ఒత్తిళ్లు కూడా శిక్ష తగ్గించడానికి పనికొస్తాయని ఆ తీర్పు సారం. ఇందాక చెప్పిన ఇరుకు గుమ్మం పక్కనే ఇంకో కిటికీ తెరిచారన్నమాట. ఇంకో మాట కూడా అన్నారు. శిక్ష వేసే జడ్జికి ఆ మనిషి వ్యక్తిగత చరిత్ర తెలుసుకునే ఏర్పాటు మన విధానంలో సరిగా లేదని. ఇది 1974లో. మా కుర్రాడి తీర్పు 2024లో. సరిగ్గా యాభై ఏళ్లు.

మధ్యలో ఏమీ జరగలేదని కాదు. 1980లో బచన్ సింగ్ కేసులో ఐదుగురు జడ్జిలు మరణశిక్ష రాజ్యాంగబద్ధమే అంటూనే (ఒక్క జస్టిస్ భగవతి ఒప్పుకోలేదు) "అరుదైన వాటిలో అరుదైన" కేసులకే అన్నారు. తీవ్రమైన మానసిక ఉద్వేగం, వయసు, మారే అవకాశం, మానసిక లోపం, ఇవన్నీ తూకంలో వేయాలన్నారు. ఇతను మారడు అని సాక్ష్యంతో చూపించే బాధ్యత ప్రభుత్వానిదే అన్నారు. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో, ఉరిశిక్ష పడ్డాక ఖైదీకి మతి చెడితే ఉరి తీయకూడదన్నారు. 2019లో జస్టిస్ ఎన్.వి. రమణ (మన కృష్ణా జిల్లా ఆయనే) ఉన్న బెంచ్, పేరు బయటపెట్టకుండా "అక్యూజ్డ్ ఎక్స్" అని మాత్రమే రాసిన కేసులో, శిక్ష పడ్డాక వచ్చిన తీవ్ర మానసిక వ్యాధి కూడా ఉరిని మార్చడానికి కారణమవుతుందని చెప్పింది. విడిచిపెట్టలేదండీ, బతికున్నంత కాలం జైలే.

తూకం ఉంది, తూనిక రాళ్లు ఏవో రాసి ఉన్నాయి. ఆ రాళ్లు తెచ్చి తక్కెట్లో ఎవరు వేస్తారన్నదే అసలు సమస్య. ముద్దాయి వేయలేడు. నోరు తెరిచి "మా నాన్న నాకు వాత పెట్టాడు" అని నిండు కోర్టులో ఎవడు చెప్తాడు? అలాంటివి సిగ్గుతో దాచుకుంటాం. పైగా ఆ గాయమే నేరానికి లంకె అని వాడికైనా తెలుసా? లాయరుకి టైముండదు, డబ్బివ్వగల క్లయింటు కాదు. పోలీసుకి అది పని కాదు. డాక్టరుని ఎవరూ పిలవరు. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలోని ప్రాజెక్ట్ 39ఎ వాళ్లు మరణశిక్ష పడ్డ 88 మంది ఖైదీలను పరీక్షించి 2021లో నివేదిక ఇచ్చారు. అందులో 62.2 శాతం మందికి కనీసం ఒక మానసిక రుగ్మత ఉంది. 11 శాతం మందికి మేధోవైకల్యం ఉంది. వీళ్లంతా అన్ని వాయిదాలూ దాటి ఉరిశిక్ష దాకా వచ్చినవాళ్లు.

2022 మే నెలలో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ తీర్పులో సుప్రీంకోర్టు ఇది గమనించి, ఉరి పడే అవకాశమున్న కేసుల్లో ప్రభుత్వమే ముద్దాయికి మానసిక పరీక్ష చేయించి నివేదిక పెట్టాలంది. వయసు, చిన్నప్పటి కుటుంబం, తల్లిదండ్రుల అండ ఉందా, ఇంట్లో హింస గానీ నిర్లక్ష్యం గానీ జరిగాయా, చదువు, పేదరికం, మానసిక సమస్యలు, అన్నీ సేకరించాలంది. 2025 ఆగస్టులో, అంటే మనం సమోసాలు తింటూ చర్చించుకున్న నెలలోనే, ఈ నియమాలు పాటించకుండా ఖాయమైపోయిన పాత ఉరిశిక్షల్ని కూడా మళ్లీ చూడొచ్చని చెప్పింది. చాలా మంచిది. కానీ చూడండి, ఇదంతా ఉరికంబం ఎదురుగా ఉన్నవాళ్లకే. రెండేళ్లు, ఐదేళ్లు, పదేళ్లు పడేవాళ్లకి?

అమెరికా కేసు ఒకటి చెప్తాను, వాత వల్లే గుర్తుండిపోయింది. మేరీలాండ్‌లో విగ్గిన్స్ అనే యువకుడికి 77 ఏళ్ల వృద్ధురాలి హత్య కేసులో మరణశిక్ష పడింది. వాడి తల్లి తాగుబోతు. పిల్లల్ని రోజుల తరబడి ఇంట్లో వదిలేసి పోయేది. వంటగదికి తాళం వేసేది. పిల్లలు గోడ పెచ్చుల రంగు, చెత్తకుప్పలో దొరికింది తిన్నారు. ఒకసారి వాడి చేతిని మండుతున్న స్టవ్ మీద అదిమింది. ఆరేళ్లకి ప్రభుత్వం తీసుకెళ్లి పెంపుడు ఇళ్లలో పెడితే అక్కడా నరకమే. ఇదంతా శిక్ష నిర్ణయించే జ్యూరీకి ఎవరూ చెప్పలేదు. లాయర్లు వెతకలేదు. 2003లో అక్కడి సుప్రీంకోర్టు 7-2తో, ఇలా వెతక్కపోవడమే లాయర్ల వైఫల్యం, ఆ శిక్ష చెల్లదు అంది. అక్కడ ఇలాంటి గతాన్ని తవ్వి తీయడానికే ప్రత్యేకంగా మనుషులుంటారు. మేనత్తల్ని, పాత టీచర్లని, ఆసుపత్రి రికార్డుల్ని పట్టుకుని తిరుగుతారు. మన దగ్గర ఆ పని చేసేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాగని అమెరికాని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, ఇంత చేసీ వాళ్లు ఉరి ఆపలేదు.

ఇప్పుడు సివిల్ తమ్ముడి ప్రశ్నకి వస్తాను. తన్నులు తిన్నవాళ్లంతా నేరస్తులు కారు. నిజం. మా కుర్రాడి వాళ్లక్క అదే ఇంట్లో, అదే అరుగు మీద పెరిగింది. ఇవాళ నర్సు. నేను మెకానికల్ కాబట్టి నాకు ఇలా అర్థమవుతుంది: ఒకే లోడు కింద రెండు రాడ్లలో ఒకటి విరుగుతుంది, ఒకటి నిలుస్తుంది. నిలిచిన రాడ్‌ని చూపించి, విరిగినదానిలో పాత పగుళ్లు లేవని ఏ ల్యాబ్‌లోనూ రాయం. ఫటీగ్‌కి గురైందా, ఎక్కడ పగులు మొదలైంది, ఎన్ని సైకిల్స్ పట్టింది అని చూస్తాం. అక్కకి అమ్మమ్మ వాళ్లింట్లో మూడేళ్లు ఉండే అవకాశం దొరికింది, వీడికి దొరకలేదు. మనిషి రాడ్ కాదు, మనసు మార్చుకోగలడు, ఒప్పుకుంటాను. అందుకే శిక్ష. కానీ ఎంత అన్నదానికి ఆ పగులు లెక్కలోకి రావాలి.

ఇందులో నన్ను నిజంగా భయపెట్టే వాదన వేరే ఉంది. ఈ గతం రెండువైపులా పదునున్న కత్తి. "చిన్నప్పుడే చెడిపోయాడు, మెదడే పాడైంది, ఇంక మారడు, లోపలే ఉంచండి" అని కూడా అనొచ్చు. జడ్జి పైకి అనకపోయినా లోపల అనుకోవచ్చు. మానసిక సమస్య పేరు చెప్పగానే ప్రమాదకరమైనవాడని జడుసుకునే సమాజం మనది. హాస్టల్లో ఎవడైనా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాడని తెలిస్తే మనం పెట్టే పేర్లు మనకి తెలుసు. డిప్రెషన్‌కి మందులు వాడే వాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తరు. అందుకే జబ్బు పేరొక్కటే కాగితం మీద పడేసి ఊరుకుంటే మేలు కన్నా కీడే. అది ఈ నేరంలో ఎలా పనిచేసింది, చికిత్సతో ఏం మారుతుంది అన్నది డాక్టరు వచ్చి చెప్పాలి, ఎదుటి పక్షం ఆయన్ని ప్రశ్నించాలి.

2019 డిసెంబరు 6 పొద్దున నేను తొమ్మిదో క్లాసు. షాద్‌నగర్ దగ్గర నలుగురు నిందితుల్ని పోలీసులు ఎన్‌కౌంటర్ చేశారని వార్త. మా స్కూల్లో చాక్లెట్లు పంచారు. నేను రెండు తీసుకున్నాను. ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథని నమ్మలేమంది, ఆ నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని తేల్చింది. అంటే వాళ్లు దోషులా, ఎవరిది ఎంత తప్పు, వయసెంత, ఏ ఒక్క ప్రశ్నా ఎవరూ అడగకముందే అయిపోయింది. ఆ చాక్లెట్లు తిన్న నోటితోనే ఇప్పుడిదంతా రాస్తున్నానని మీరంటే నేను కాదనను.

మా కేసులో చట్టం ఏమంటుందో చివరికి వెతికాను. 1958 ప్రొబేషన్ చట్టం ఆరో సెక్షన్. యావజ్జీవం పడే నేరం కాకపోతే, ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్లని జైలుకి పంపే ముందు కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. జైలే ఎందుకు తప్పనిసరో కారణాలు రాయాలి. తీర్పు నాటికి వాడికి ఇరవై. ఆ నివేదిక కోసం ఒక మనిషి మా వీధికి వచ్చుంటే, వాళ్లక్కని, పక్కింటి అరుగువాళ్లని, స్కూలు డ్రిల్లు మాస్టారుని అడిగుంటే, రెండు పేజీలయ్యేది. ఎవరూ రాలేదు. సెలవుల్లో వాడి లాయరునే అడిగాను. "అదంతా ఎవరడుగుతారు బాబూ" అన్నాడు, విసుగ్గా కాదు, అలసటగా. నివేదిక వచ్చుంటే కూడా రెండేళ్లే పడేదేమో. పడితే పడేది. నేను అడుగుతున్నది తగ్గించమని కాదు. మూడేళ్లలోపు శిక్ష పడే కుర్రాళ్ల కేసుల్లో సైతం ఆ రెండు పేజీలు లేకుండా జడ్జిగారు కలం పట్టకూడదని.

ఇది రాశాక నాన్నకి పంపాను. మర్నాడు ఫోన్ చేశాడు. ఒప్పుకోలేదు. "వాడి వాత గురించి ఇంత రాశావు, మీ మామ్మ గురించి తుంటి ఎముక విరిగింది అని ఒక్క ముక్కేనా రాసేది?" అన్నాడు. నిజమే. అందుకని ఇక్కడ చేరుస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక మామ్మ వాకర్‌తో బాత్రూమ్ దాకా నడవడానికే నాలుగు నెలలు పట్టింది. శివాలయానికి మళ్లీ వెళ్లలేదు. రాత్రిళ్లు నొప్పికి పళ్లు బిగబట్టుకునేది, నాన్న లేస్తాడని. బోసి మెడ మీద చెయ్యి వేసుకుని తడుముకునేది. 2024 వేసవిలో పోయింది. మామ్మ పడ్డ ఈ బాధ గురించి కూడా కోర్టులో ఎవరూ మమ్మల్ని అడగలేదు.